పోటెక్కే దాకా

పిట్టల్ని చూడ్డానికి వెళ్తూ, జనవరి అయితే మాత్రం కాకినాడలో చలేముంటుందిలే అని స్వెటర్ తీసుకెళ్లలేదు. ఆరింటికి కుంభాభిషేకం రేవు దగ్గర ఆటో దిగానో లేదో, ఈశాన్యం గాలి చెవుల్లో హోరుమంది. ఎదురుగా దూరాన హోప్ ఐలాండ్. గోదావరి ఇసుక మేటవేసి ఏర్పడిన దిబ్బ అది. తుపాను అలల్ని ఆపుతుందంటారు, గాలిని మాత్రం ఆపదు.

నీళ్లు వెనక్కి తీసి ఉన్నాయి. కిలోమీటరు మేర బురదే. దాని చివర మిరియాలు చల్లినట్టు పక్షులు. దూరపు పిట్టల్ని దగ్గరగా చూపే స్కోప్ పెడితే గాలికి స్టాండ్ వణుకుతోంది. బ్యాగు దానికే వేలాడదీసినా లాభం లేదు, కళ్లలో నీళ్లు తప్ప ఏమీ కనిపించలేదు. నావలో నీళ్లు తోడుతున్న పెద్దాయన గంటసేపు నా అవస్థ చూసి, "ఆయ్, ఇప్పుడేం కనపడతాయండీ బాబూ! టీ తాగి రండి. పోటెక్కితే అవే ఒడ్డుకొస్తాయండి" అన్నాడు.

నిజమే కదా! తిండి దొరికే బురద మునిగితే అవి పైకి రాక ఏం చేస్తాయి? పిట్టలంటే తెల్లవారుజామే అని అడవుల్లో తిరిగి అలవాటైన బుర్ర నాది. ఇక్కడ గడియారం చంద్రుడిది.

పది దాటేసరికి ఒడ్డు దగ్గరి ఇసుక తిన్నె నిండిపోయింది. అన్నీ గాలికి ఎదురుగా ముక్కుపెట్టి నిలబడ్డాయి. టిబెట్ సరస్సుల నుంచి వచ్చిన బ్రౌన్ హెడెడ్ గల్స్, క్యారెట్ లాంటి ముక్కుతో కాస్పియన్ టెర్న్‌లు, వాటి మధ్య బూడిదరంగు గ్రేట్ నాట్‌లు. ఈ నాట్‌లు గుడ్లు పెట్టేది ఈశాన్య సైబీరియాలో. దారిలో ఆగి మేసే, చైనా కొరియాల మధ్య ఉన్న పసుపు సముద్రపు (ఎల్లో సీ) బురదనేలల్ని మనుషులు పూడ్చేయడంతో బాగా తగ్గిపోయాయి.

నేను వచ్చింది మాత్రం ఇండియన్ స్కిమ్మర్ల కోసం. ఇరవై దాకా ఉన్నాయి. నల్లటి వీపు, నారింజ రంగు ముక్కు, పైదాని కంటే కిందిది పొడుగు. ఆ కింది ముక్కుతో నీటిని కోసుకుంటూ ఎగిరి చేప పడతాయి. చంబల్, మహానది ఇసుక తిన్నెల మీద గుడ్లు పెట్టే జాతి ఇది. నేనున్నంతసేపూ ఒక్కటీ వేటకు లేవలేదు, కునుకు తీస్తూ కూర్చున్నాయి.

పెద్దాయన వచ్చి స్కోప్‌లో కన్ను పెట్టాడు. "ఇన్నేళ్లుగా చూత్తన్నాం గానండీ, కిందముక్కు పొడుగని ఇప్పుడే తెలిసిందండి" అన్నాడు. కన్ను తీయకుండానే, నావలో ఉన్న కొడుకుని కేకేశాడు.