జేబులో సీసా

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌ల అడ్తి దుకాణం గుమాస్తాను. ఇరవై రెండేండ్లుగా అదే పని. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి సీజన్‌ల మా యార్డుల గాలి కూడా కారమే. తేజ రకం బస్తా మూతి విప్పితే కొత్తగా వచ్చినోళ్లు దగ్గుకుంట బయటికి ఉరుకుతరు. మాకు దగ్గు అలవాటైంది గానీ కండ్ల మంట అలవాటు కాలేదు. చిట్టా రాస్తుంటే నీళ్లు కారి అంకెలు అలుక్కుపోయేవి.

మందుల దుకాణంల చెప్పుకుంటే చిన్న సీసా ఇచ్చిండు. "రెండు సుక్కలు ఏసుకో అన్నా, పొద్దుగాల్లకు సాఫ్ అయితది. అందరికీ ఇదే ఇస్తున్న" అన్నడు. నిజంగనే తెల్లారేసరికి ఎరుపు పోయింది. అంత హాయినిచ్చిన మందును ఎట్ల అనుమానిస్తం? సీజన్ అయిపోయినా మానలేదు. మూడేండ్లు నా అంగీ జేబుల పెన్ను పక్కన ఆ సీసా ఉండేది. డాక్టర్ చీటీ ఏదని ఆయన అడగలేదు, నేనూ ఏ డాక్టరుకూ చూపించలేదు.

2022 ఫిబ్రవరిల దగ్గరి చూపు అద్దాలు మార్చుకుందామని కంటి ఆస్పత్రికి పోయిన. బోర్డు మీద కింది వరుస దాకా గడగడ చదివిన. నంబరు రాసిచ్చి పంపుతరనుకున్న. పరీక్ష చేసే అమ్మాయి కంటి ప్రెషర్ చూసి ఆగింది, మళ్లొకసారి చూసింది. ఎడమ కన్ను 38, కుడి కన్ను 32. మామూలుగా 10 నుంచి 21 మధ్య ఉండాలెనట. "సార్, కండ్లల్ల ఏమన్న చుక్కలు ఏసుకుంటున్నరా?" అనడిగింది. జేబులకెళ్లి తీసి చేతిల పెట్టిన. ఆ పిల్లకు నేను జన్మంతా రుణపడి ఉన్న. ఊరికే నంబరు రాసిచ్చి పంపితే ఎవరు అడిగేటోళ్లు?

డాక్టర్ మేడమ్ సీసా తిప్పి చదివింది. డెక్సామెథసోన్, స్టెరాయిడ్. కంట్లె ఊరే నీళ్లు బయటికి పోయే జల్లెడ లాంటి దారి ఉంటదట. స్టెరాయిడ్ పడని కొందరికి అది పూడుకపోతది. నీళ్లు లోపల నిలిచి ఒత్తిడి పెరిగి చూపు నరాన్ని నలుపుతయి. నొప్పి ఉండదు, మసక ఉండదు. పక్కల నుంచి చూపు తగ్గుకుంట వస్తది, నడిమి చూపు ఆఖరున పోతది. దీన్నే నీటికాసులు అంటరని చెప్పి, బయట లైన్ల ఉన్నోళ్లంత వినంగనే అన్నది: "చదువుకున్నోనివే గదా, ఇన్నేండ్లు ఏం జేసినవ్? పోయిన చూపు ఇగ రాదు."

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కాశిబుగ్గల మా ఇంట్ల గోడ గడియారం ఉంటది. లేచి లైటు ఏసి, కుడి కన్ను అరచేత్తో మూసుకొని, ముల్లులు కలిసేకాడ చూపు నిలిపిన. పన్నెండు లేదు. ఒకటి లేదు. రెండు సగం ఉంది. నల్లగా కనిపిస్తే మచ్చ అనుకునేటోన్ని. అక్కడ తెల్లటి పలక మాత్రమే ఉంది, అంకెలు అచ్చేయడం మర్చిపోయినట్టు. చెయ్యి తీస్తే పన్నెండూ అంకెలు ఉన్నయి. మూస్తే పోతున్నయి. ఎన్నిసార్లు చేసిన్నో లెక్క లేదు. మా ఆవిడ లేచి ఏమైందంటే గొంతు పెగల్లేదు.

అప్పుడే నాయిన యాదికొచ్చిండు. ఆఖరి ఆరేండ్లు చూపు లేకుండనే బతికిండు. మొదట్ల గడప తన్నుకునేది, దర్వాజ కొట్టుకునేది. "చూసి నడువరాదె నాయినా" అని కసురుకునేటోళ్లం. మోతెబిందు, అంటే శుక్లం అనుకున్నం, పెద్దతనం అనుకున్నం, ఎవ్వలకూ చూపియ్యలేదు. మేడమ్‌కు చెప్తే, ఆయనకు నీటికాసులే ఉండొచ్చు, కన్నతండ్రికి ఉంటే పిల్లలకు ముప్పు ఎక్కువ, అసొంటోళ్ల కండ్లకు స్టెరాయిడ్ పడకపోవుడు కూడా ఎక్కువ అన్నది. ఇప్పుడు ఎవరికి చెప్పుకోను?

ఆ సీసా బంద్ చేసిచ్చి వేరే చుక్కలు రాసిచ్చిండ్రు. కుడి కన్ను దారికొచ్చింది. ఎడమది దిగలేదు. జూన్‌ల ఆపరేషన్ అయింది, నీళ్లు పోవుడుకు పై రెప్ప కింద కొత్త దారి చేసిండ్రు. బరువులెత్తొద్దు, కన్ను నలపొద్దు అన్నరు. ఎప్పుడన్న ఎర్రబడి నొప్పి లేస్తే ఆ రోజే రావాలె, ఎన్నేండ్లయినా సరే అన్నరు. ఆపరేషన్ చేసింది ఆ మేడమే. ఆమె అన్న మాట ఇంకా గుచ్చుకుంటది. ఉన్న చూపు నిలబెట్టింది కూడా ఆమె చెయ్యే.

మా ఆవిడ ఐలోని మల్లన్నకు వెండి కండ్లు మొక్కింది. సంక్రాంతి జాతరకు పోయి సమర్పించినం. బండారి పసుపు ఎగురుతుంటే నల్లద్దాలు పెట్టుకొని దూరంకెల్లి దండం పెట్టిన. స్వామి అర్థం చేసుకుంటడు.

పెద్దన్నను పరీక్షకు ఒప్పిచ్చేసరికి ఏడాది పట్టింది. "నాకేమైంది, సూది దారం ఎక్కిస్తున్న" అనేటోడు. నాకూ కింది వరుస దాకా కనిపించిందే అన్న. ఆఖరికి బండి మీద ఎక్కించుకొని తీస్కపోయిన. ప్రెషర్ 28. నరం ఇంకా చెడలేదు.

యార్డుల ఇప్పుడు ఎవరి జేబుల చుక్కల సీసా కనిపించినా అడిగి చదువుత. డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్, ఈ పేర్లుంటే డాక్టర్ రాసిచ్చిండా, ఎన్ని రోజులకు రాసిచ్చిండు అని అడుగుత. మొన్న బస్తాలు తూకమేసే ఒక దడ్వాయి ఎదురు తిరిగిండు: "మంచిగనే అనిపిస్తుంది గదా సేటూ." కాంటా పక్కకు పిలిచి, ఒక కన్ను మూసుకొని నా భుజం మీదుగా గోడ గడియారం చూడుమన్న.