నక్షత్రం గీసిన చెయ్యి

1994-95లో కర్నూలులో మనం బీఎడ్ చదివేటప్పుడు కాలేజీ అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం కింద ఉండేది. అన్ని పేపర్లలోకీ టెన్షన్ పెట్టింది విద్యా మనోవిజ్ఞానమే. మనలో చాలామంది బీఏ వాళ్లం. సైకాలజీ మేడమ్ బోర్డు మీద మెదడు బొమ్మ వేసి మస్తిష్కం, అనుమస్తిష్కం, మజ్జాముఖం అని గుర్తిస్తుంటే, ఇంటర్లో బైపీసీ చదివినవాళ్లు మాత్రం ధీమాగా కూర్చునేవాళ్లు.

ఆ ధీమాకు మేడమ్ ఒక్క ప్రశ్నతో చెక్ పెట్టారు. జొన్నరొట్టె తిప్పేటప్పుడు వేలికి పెనం తగిలితే ముందు చెయ్యి వెనక్కొస్తుందా, ముందు మంట తెలుస్తుందా? క్లాసు రెండుగా చీలిపోయింది. జ్ఞాననాడి తెచ్చిన సమాచారం వెన్నుపాములోనే, చెయ్యి కదిలించే చాలకనాడికి అందుతుందని, అది మెదడు దాకా పోయి మంట అనిపించేలోపే చెయ్యి వెనక్కి వచ్చేస్తుందని ఆమె విడమరిచి చెప్పారు. ఇలా ఆలోచించకుండానే జరిగే ప్రతీకార చర్య (రిఫ్లెక్స్) గురించి మళ్లీ పుస్తకం తెరవాల్సిన పని పడలేదు.

ప్రాక్టికల్స్‌లో నాకు బాగా గుర్తున్నది అద్దంలో చూసి బొమ్మ గీయడం. రెండు గీతల నక్షత్రం అచ్చువేసిన కాగితం, ఎదురుగా నిలబెట్టిన అద్దం, కాగితం నేరుగా కనబడకుండా అడ్డంగా ఒక పలక. అద్దంలో చూస్తూ రెండు గీతల మధ్యనే పెన్సిల్ నడపాలి. ముందుకు పోనిద్దామంటే వెనక్కి వచ్చేది, మూల తిరిగే చోట చెయ్యి మొరాయించేది. క్లాసులో అందరికంటే ముత్యాల్లాంటి రాత ఉన్న అమ్మాయే అందరికంటే ఎక్కువసార్లు గీత దాటింది (ఈ సంచిక చదువుతుంటే తనకు తెలుసు, ఎవరి గురించో!). మొదట ఎడమ చేత్తో గీసి, తర్వాత కుడిచేత్తో సాధన చేసి, మళ్లీ ఎడమ చేతికి మారితే ఆ చెయ్యి కూడా మెరుగయ్యేది. దీన్నే ద్విపార్శ్వ బదలాయింపు అని రికార్డులో రాశాం.

ఆ రోజే మేడమ్ హెచ్.ఎమ్. అనే పొడి అక్షరాలతో పిలిచే ఒక రోగి కథ చెప్పారు. మూర్ఛ తగ్గించడానికి 1953లో అమెరికాలో అతనికి ఆపరేషన్ చేసి, మెదడుకు రెండువైపులా, కొత్త జ్ఞాపకాలు నిలిపే హిప్పోకాంపస్‌లో చాలా భాగం తీసేశారు. మూర్ఛ తగ్గింది గానీ కొత్త సంగతి ఏదీ మనసులో నిలవడం మానేసింది. బ్రెండా మిల్నర్ అనే పరిశోధకురాలు అతని చేత ఇదే నక్షత్రం గీయించింది. రోజురోజుకీ తప్పులు తగ్గాయి, మూడో రోజుకు బాగా కుదిరింది. అతన్ని అడిగితే మాత్రం ఈ పని తానెప్పుడూ చేయనే లేదనేవాడు. చేతికి వచ్చిన నేర్పు వేరు, చేసినట్టు గుర్తుండడం వేరు, ఆ రెండింటినీ చూసుకునే భాగాలూ మెదడులో వేరువేరు అని అలా తెలిసింది. అతని అసలు పేరు హెన్రీ మొలైసన్ అని 2008లో చనిపోయాకే లోకానికి తెలిసింది.

ఇప్పటి పిల్లలు టెట్, డీఎస్సీ బిట్లలో మనోవిజ్ఞాని ఎబ్బింగ్‌హాస్ పేరు కనబడగానే విస్మృతి వక్రరేఖకు (రోజులు గడిచేకొద్దీ ఎంత మర్చిపోతామో చూపే గీతకు) టిక్కు పెట్టి ముందుకు పోతారు. నన్నడిగితే ఆయన అసలు పనితనం వక్రరేఖలో లేదు, కొలిచిన తీరులో ఉంది. అర్థంలేని పదాలను తానే బట్టీపట్టి, మర్చిపోయాక మళ్లీ నేర్చుకుని, రెండోసారి ఎంత తక్కువ సమయం పట్టిందో లెక్క కట్టాడు. 1885లో అచ్చయిన ఆ లెక్కల ప్రకారం ఒక రోజు తర్వాత కూడా మూడోవంతు శ్రమ ఆదా అయింది. అప్పజెప్పలేకపోయినంత మాత్రాన అంతా పోయినట్టు కాదన్నమాట.

నాకు ఇది అక్కరకొచ్చింది ఆదోని వైపు పల్లెల్లో. సంక్రాంతి దాటితే అక్కడి కుటుంబాలు సుగ్గికని గుంటూరు మిరపకోతలకు పోతాయి, పిల్లల్ని కూడా తీసుకుపోతాయి. తిరిగొచ్చిన పిల్లలు గుణింతాల దగ్గరే తడబడతారు. వాళ్లను మళ్లీ అ ఆల వరసలో కూర్చోబెట్టాలని తోటి టీచర్లు అంటారు. నేను ఒప్పుకోను. పాత పాఠమే మళ్లీ చెప్పి, మొదటిసారి ఎన్నాళ్లు పట్టిందో, ఇప్పుడు ఎన్నాళ్లు పట్టిందో నోట్‌బుక్‌లో పక్కపక్కన రాస్తాను. తల్లులు వచ్చి "అంతా మర్సిపోయినాడంట గదా మేడమ్" అంటే ఆ పేజీ తీసి చదివి వినిపిస్తాను.