ఏ కొత్తవలస?

మా మేనల్లుడు డర్బన్‌లో ఒక బ్యాంకులో కంప్యూటర్ల పని చూస్తాడు. పోయిన శ్రావణంలో వాట్సాప్‌లో ఒక ఫొటో పంపాడు. పాత రిజిస్టరులో ఒకే ఒక్క వరస. కింద మెసేజి: "మావయ్యా, ఇది మా ఆఫీసులో ఒకావిడ ముత్తాతది. ఊరెక్కడో నువ్వు పట్టేస్తావని చెప్పేశాను. నా పరువు నిలబెట్టు."

వాడికి నా బలహీనత తెలుసు. రెవెన్యూలో ముప్పై నాలుగేళ్ళు చేసి విజయనగరంలోనే డిప్యూటీ తాసిల్దారుగా రిటైరయ్యాను. రిజిస్టరు కంటపడితే, అది ఎవరిదైనా సరే, గడులన్నీ చదివితే గానీ నాకు అన్నం సయించదు.

ఇది దక్షిణాఫ్రికాలోని నెటాల్‌కి వెళ్ళిన ఒప్పంద కూలీల రిజిస్టరు. నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీద గుర్తులు. సంవత్సరం 1898. పేరు అప్పలసామి. సగం పని అక్కడే అయిపోయింది. సింహాచలం అప్పన్న పేరు ఇంత ధారాళంగా పెట్టుకునేది మా వైపు వాళ్ళే. వయసు 24. జిల్లా విజగపటం. ఎడమ మోచేతి మీద మచ్చ. తండ్రి పేరు సిరా అలికిపోయి చదవడానికి లేదు. తాలూకా గడి ఖాళీ. ఆ గుమస్తా నా కింద పనిచేసుంటే మెమో ఇచ్చేవాణ్ణి. ఊరు గడిలో మాత్రం ఇంగ్లీషులో గుండ్రంగా, అందంగా 'కొట్టవల్స' అని రాశాడు.

కొత్తవలస. మా ఆవిడ ఫొటో చూసి, "ఇంకేం, ఊరు దొరికిపోయిందిగా" అంది. ఆవిడది భీమవరం. మా సంగతి తెలీదు.

మా వైపు ఊళ్ళ పేర్లలో వలసలకు లెక్కలేదు. ఎక్కడి నుంచో నాలుగు కుటుంబాలు వచ్చి చెరువు గట్టు కింద ఇళ్ళు వేసుకుంటే అది వలస. అక్కడ చోటు చాలక ఇంకాస్త అవతల వేసుకుంటే కొత్తవలస. రైలు జంక్షన్ ఉన్న కొత్తవలస అందరికీ తెలుసు. అది కాక బొబ్బిలి వైపు, పార్వతీపురం వైపు, శ్రీకాకుళం వైపు ఇంకా ఉన్నాయి. ఆ రోజుల్లో ఊరుగా ఉండి ఇప్పుడు పక్క ఊళ్ళో కలిసిపోయినవి వేరే.

పనీపాటా లేనివాణ్ణి కదా, స్కూటరు తీశాను. రెండు ఊళ్ళలో ఏమీ తేలలేదు. మూడోది బొబ్బిలి అవతల. రామకోవెల అరుగు మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. ముంజేతుల నిండా చెరకాకు కోసిన గీతలు, పాతబడి తెల్లగా. ఒకప్పుడు చెరకు నరికే ముఠాలో ఉండేవాడట. నూటపాతికేళ్ళ కిందట ఇక్కణ్ణించి ఆఫ్రికా వెళ్ళిన అప్పలసామి పేరు ఎప్పుడైనా విన్నారా అని అడిగాను.

నవ్వాడు. "అప్పలసామంతే ఏ అప్పలసామి బావూ? ఈ ఈదిలోనే నలుగురున్నారు. ఎల్లడం అంతారా, ఎవుడెల్లనేదు? మా తాత రంగం ఎల్లినాడు. మల్లీ రానేదు."

రంగం అంటే రంగూన్. ఇక్కడ ప్రతి ఇంట్లోనూ ఒక రంగం కథ ఉంటుంది. నెటాల్ కథ మాత్రం ఎవరికీ గుర్తులేదు.

నేను లేవబోతుంటే ఆయన మళ్ళీ పిలిచాడు. "అయితే బావూ, ఆ దేశంలో మడుసుల్నేరేటి? మనోల్ని అంత దూరం ఎందుకు అట్టుకెల్లినారు?"

ఉన్నారండీ అన్నాను. మిగతాది చెప్పడానికి నాకే తెలీదు. తర్వాత రెండు నెలలు చదివిందంతా ఆ ప్రశ్న కోసమే.

మనుషులు ఉన్నారు, బోలెడంతమంది. పనికి రామన్నారు, అంతే.

నెటాల్‌ని బ్రిటిష్ వాళ్ళు 1843లో తమ ఏలుబడిలోకి తీసుకున్నారు. అక్కడి ఆఫ్రికన్లకు పశువులున్నాయి, మొక్కజొన్న చేలున్నాయి. ఎవడి చెరకు తోటలోనో నెలంతా ఒంగి నరకాల్సిన ఖర్మ వాళ్ళకేం పట్టింది? వాళ్ళ వ్యవహారాలు చూసే దొర పేరు థియోఫిలస్ షెప్‌స్టోన్. ఆయన హయాంలో 1849లో గుడిసె పన్ను వేశారు. గుడిసెకు ఏడాదికి 7 షిల్లింగులు. 1875లో దాన్ని 14 చేశారు.

ఇది చదివి రెవెన్యూవాడిగా ఒక్క క్షణం "భలే" అనుకున్నాను. తర్వాత సిగ్గేసింది. పన్ను వేయడంలో తలనొప్పంతా లెక్క కట్టడంలో ఉంటుంది. భూమి మీద వేస్తే గొలుసు లాగి కొలవాలి, మెట్టా పల్లం చూడాలి, పంట పోయిందని వస్తే రెమిషన్ అని పన్ను తగ్గించాలి. పశువుల మీద వేస్తే రాత్రికి రాత్రి గెడ్డ దాటించేస్తారు. గుడిసెను ఎక్కడికి తోలుకుపోతారు? గుర్రం దిగకుండానే లెక్కపెట్టొచ్చు. పైగా అక్కడ భార్య భార్యకీ వేరే గుడిసె. కాబట్టి గుడిసెల్ని లెక్కపెడితే ఇంటాయన ఎంతమందిని కట్టుకున్నాడో, వాళ్ళు దున్నే చేలెన్నో తెలిసిపోతుంది. ఒక్క గడితో మూడు లెక్కలు. మా జమాబందీల్లో, అంటే ఏటా ఊరి శిస్తు లెక్కలు తేల్చేటప్పుడు, నెల రోజులు గొడవపడి రాబట్టే సమాచారం ఇది.

అయితే ఆ పన్ను తోటల దొరలు ఆశపడినట్టు పనిచేయలేదు. ఆఫ్రికన్లు మొక్కజొన్నో దూడో అమ్మి, పన్ను పారేసి, మళ్ళీ తమ చేలల్లోకే పోయారు. ఖజానాకు డబ్బు చేరింది, తోటకు కూలీ రాలేదు. వచ్చినవాడు కూడా నాట్లో కోతలో పడితే ఇంటికి పోతానంటాడు. ఐదేళ్ళు కదలకుండా కట్టి ఉంచగల మనుషులు కావాలి. అప్పుడు మన వైపు చూశారు. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి 342 మందితో డర్బన్ చేరింది. 1911లో ఆపేసేదాకా, అన్ని ఓడలూ కలిపి వెళ్ళినవాళ్ళు 1,52,184 మంది. మొదటి ఏడు నెలకు 10 షిల్లింగులు, ఆ పైన ఏడాదికొక షిల్లింగు పెంపు.

జూట్ మిల్లుల జిల్లావాళ్ళం, మాకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. గేటు బయట నిలబడి రేటు పెంచమనేవాడు ఉన్నప్పుడు, పక్క ఊరి నుంచి లారీలో జనాన్ని దింపితే వాడి బేరం ఏమవుతుంది? ఇక్కడ లారీ బదులు ఓడ. దిగిన మా అప్పలసామికి ఎవరి బేరం పడగొట్టడానికి తనను తెచ్చారో తెలిసుండదు. ఇంట్లో గింజల్లేవు, ఏజెంటు నెలకింత అన్నాడు, వెళ్ళాడు.

నెటాల్ సరిహద్దు తుగేలా నదికి అవతల, జూలూలనే ఆఫ్రికన్ల రాజ్యం ఇంకా సొంతంగా ఉండేది. అక్కడ కుర్రాళ్ళంతా రాజుగారి దళాల్లో పనిచేయాలి, రాజు అనుమతిస్తేనే పెళ్ళి. ఆ ఏర్పాటు ఉన్నంతకాలం ఆ కుర్రాళ్ళు గనులకూ తోటలకూ చిక్కరు. 1878 డిసెంబరులో రాజు సెట్ష్వాయోకి బ్రిటిష్ వాళ్ళు తాఖీదు పంపారు, దళాలు రద్దు చెయ్యమని. నెల తిరిగేసరికి సైన్యం నది దాటింది. 1879 జనవరి 22న ఇసాండ్ల్వానా దగ్గర జూలూలు ఆ సైన్యంలో 1,300 మందికి పైగా చంపారు. జులైలో ఉలుండీలో వాళ్ళూ ఓడిపోయారు. రాజును పట్టుకుని కేప్‌టౌన్ పంపించి, రాజ్యాన్ని 13 ముక్కలు చేసి పంచిపెట్టారు. ముక్కలు చేస్తే వాళ్ళలో వాళ్ళే కొట్టుకుంటారని ఆ పంచినవాళ్ళకు తెలియదంటే నేను నమ్మను. పెద్ద జమీందారీల భాగపంపకాలు చూసిన ఊరు మాది. సెట్ష్వాయో మీద యుద్ధం నడుస్తున్న ఆ మార్చిలోనే ఇక్కడ రంపలో తిరుగుబాటు లేచింది. కారణాల్లో ఒకటి చిగురుపన్ను, తాటికల్లు మీద వేసినది. ఒకే ఏడు, ఒకే సర్కారు. అక్కడ గుడిసె, ఇక్కడ తాటిచెట్టు. కదలలేనివే రెండూ.

మా మనిషి దిగిన 1898 నాటికి ఆ దేశం మారిపోయింది. ముందటేడే రిండర్‌పెస్ట్ అనే పశువుల రోగం వచ్చి మందల్ని తుడిచిపెట్టింది. పన్ను కట్టడానికి అమ్మే దూడే లేకపోతే ఇంకేముంది, కుర్రాళ్ళు జొహన్నెస్‌బర్గ్ బంగారు గనులకు పోయారు. 1902 నుంచి 1904 దాకా ఒక కమిషన్ జూలూలాండ్ భూముల్ని విడదీసింది, ఇవి వాళ్ళకు, ఇవి తెల్లవాళ్ళకు అని. చెరకు పండే తీరపు భూమి ఎవరి వంతు అయిందో ఊహించుకోవచ్చు. నేనూ ఎన్నో సర్వేలకు నిలబడ్డాను. రాయి పాతిన రోజున రైతు ముఖం చూడకూడదు. చూస్తే చెయ్యి ఆడదు.

అదీ చాలక, గుడిసె పన్ను లేని పెళ్ళికాని కుర్రాళ్ళ మీద తలకు ఒక పౌను చొప్పున తలపన్ను వేశారు. వసూళ్ళు 1906లో మొదలయ్యాయి. ఫిబ్రవరిలో గొడవలో ఇద్దరు పోలీసులు చనిపోతే, ఏప్రిల్ 2న 12 మందిని తుపాకులతో కాల్చి మరణశిక్ష అమలు చేశారు. గ్రేటౌన్ దగ్గర బంబాతా అనే నాయకుడు ఎదురుతిరిగాడు. జూన్‌లో మోమే లోయలో చుట్టుముట్టి చంపారు. అన్నీ ముగిసేసరికి చనిపోయిన ఆఫ్రికన్లు మూడు వేలకు పైనే. తెల్లవాళ్ళు పదుల్లోనే. కొరడా దెబ్బలు తిన్నవాళ్ళు వేలల్లో. గాంధీగారు అప్పుడు సర్కారు తరఫున స్ట్రెచర్లు మోసే చిన్న దళం నడిపారు. ఎక్కువగా వాళ్ళ చేతికొచ్చింది ఆ కొరడా దెబ్బల జూలూలే. తెల్లవాళ్ళు ఆ గాయాలు ముట్టుకోవడానికి ఒప్పుకోలేదట. చదువుతుంటే నాకు నచ్చనిదీ, మనసు కాస్త కుదుటపడిందీ రెండూ ఆ ఒక్క చోటే.

అప్పలసామి ఒప్పందం 1903లో ముగిసి ఉండాలి. అప్పటికి అతని కోసం కూడా ఒక పన్ను సిద్ధంగా ఉంది. 1895 చట్టం ప్రకారం ఒప్పందం అయిపోయినవాడు మళ్ళీ కూలీగా సంతకం పెట్టాలి, లేదా ఓడెక్కి వెళ్ళిపోవాలి, లేదా ఏడాదికి 3 పౌన్లు కట్టి ఉండాలి. మూడు పౌన్లంటే 60 షిల్లింగులు. ఆఖరి ఏడు జీతం నెలకు 14. నాలుగు నెలల పైచిలుకు రెక్కల కష్టం, ఒక్క మనిషికి. పెళ్ళాం ఉంటే ఆవిడకీ అంతే. 1903లో పిల్లలకూ తగిలించారు, మగపిల్లలకు 16 ఏళ్ళు, ఆడపిల్లలకు 13 నిండితే చాలు. వసూలు కోసం పెట్టిన పన్ను కాదది. కట్టలేక మళ్ళీ తోటకే పోవాలని పెట్టింది. జూలూలను పొలం నుంచి లాగిన తాడే, ముడి మార్చి మనవాళ్ళకు వేశారు. 1913లో వేలమంది సమ్మెకు దిగితే 1914లో తీసేశారు.

ఇదంతా మా మేనల్లుడి ద్వారా డర్బన్ ఆవిడకు రాస్తున్నాను, ముక్కలు ముక్కలుగా. కొత్తవలస అంటే ఏమిటని అడిగింది. కొత్తగా వచ్చి దిగినవాళ్ళ ఊరని రాశాను. "అయితే డర్బన్ కూడా కొత్తవలసే కదా" అంది. బాగుంది గానీ, చెరువు గట్టున ఇల్లు వేసుకోవడానికి మా వాళ్ళు ముందు ఊరి పెద్దనడిగేవారు. అక్కడ జూలూలను ఎవరూ అడగలేదు. ఈ మాట రాయాలా వద్దా అని ఒకరోజు ఆలోచించి రాశాను. ఆవిడ రెండు వారాలు జవాబివ్వలేదు. తర్వాత, తమ కుటుంబం ఒకప్పుడు డర్బన్‌లోనే కేటో మేనర్ అనే పేటలో ఉండేదని రాసింది. 1949 జనవరిలో ఆఫ్రికన్లకూ భారతీయులకూ మధ్య అల్లర్లు బాగా ముదిరింది అక్కడే. మొత్తం 142 మంది పోయారు, అందులో ఎక్కువమంది ఆఫ్రికన్లే. అంతకుమించి ఆవిడ రాయలేదు, నేనూ అడగలేదు.

మొన్న ఆ బొబ్బిలి అవతల కొత్తవలసకు మళ్ళీ వెళ్ళాను, జవాబు బాకీ ఉన్నాను కదా. ముసలాయన అదే అరుగు మీద ఉన్నాడు. గుడిసె పన్ను సంగతి చెప్పాను. ఎంత అన్నాడు. చెప్పాను. పెళ్ళానికో గుడిసె అన్న దగ్గర పెద్దగా నవ్వాడు, తలపన్ను దగ్గర నవ్వు ఆపేశాడు. తరవాత, "ఆ యమ్మ వత్తాదేటి?" అన్నాడు. జనవరిలో వస్తానంటోంది, కానీ ఏ కొత్తవలసో తేలలేదు, మొత్తం ఆరు ఊళ్ళు రాసుకున్నాను అన్నాను.

"తేలకపోతే ఏటి బావూ, మాదే అని సెప్పీండి. ఎవులు కాదంతారు?"

మిగతా ఊళ్ళలో రెండు చోట్ల కూడా ఇదే మాట అన్నారు. ఆరు ఊళ్ళూ ఒక్కరోజులో ఆటో మీద కావు. కారు మాట్లాడాలి.