పాత లారీ ఇంజన్‌కి ప్యాకింగులు, సిలికాన్: చాంబర్ మూడుసార్లు దింపాక నా అనుభవం

రాత్రి ఇంజన్ కింద పరిచిన అట్ట పొద్దున్నే తీసి చూశాను. ఒక్క నూనె చుక్క లేదు. నూనె కారడం ఆపడానికి ఇది మూడో ప్రయత్నం. ఆరు సిలిండర్ల పాత పెట్రోల్ ఇంజన్. రేకు చాంబర్ (ఇంజన్ అడుగున నూనె నిలిచే తొట్టి), రేకు ట్యాపెట్ కవర్ (పైన వాల్వుల మీది మూత), వాటికి కార్కు ప్యాకింగులు, అంటే రెండు భాగాల మధ్య కారకుండా వేసే పట్టీలు. ఇలాంటి ఇంజన్ విప్పబోయేవాళ్ల కోసం, చేసిందంతా గుర్తుండగానే రాస్తున్నాను.

హెడ్ (సిలిండర్ల పై మూత) ప్యాకింగ్ పొడిగానే వేశాను. దాని మీద తయారీలోనే పూత ఉంటుంది, సిలికాన్ (ట్యూబులో వచ్చే, ఆరాక రబ్బరులా గట్టిపడే పేస్టు) పూస్తే ఆ పూత పట్టాల్సిన చోట పట్టదు. హెడ్ బోల్టుల్లో ఏవైనా నీళ్ల జాకెట్లోకి (ఇంజన్ చల్లబడేందుకు నీళ్లు తిరిగే ఖాళీలోకి) దిగుతుంటే వాటి మరలకు మాత్రం గట్టిపడని థ్రెడ్ సీలెంట్ రాయాలి. అడుగు మూసి ఉన్న రంధ్రాల్లో నూనె గానీ పేస్టు గానీ నిలవకూడదు. బోల్టు దిగేకొద్దీ అది నలిగి, సిలిండర్లుండే బ్లాకునే పగలగొడుతుంది.

వాటర్ పంపు, థర్మోస్టాట్ కవర్ల కాగితం ప్యాకింగులకు రెండు వైపులా గట్టిపడని పేస్టు పలచగా రాస్తే సరిపోయింది. పెట్రోల్ పంపు దగ్గర సిలికాన్ వాడకండి, పెట్రోల్ తగిలితే అది ఉబ్బి మెత్తబడి ఊడిపోతుంది. ఎగ్జాస్ట్ దగ్గర మాడిపోతుంది.

పాత ప్యాకింగులు గీకేటప్పుడు ఒక జాగ్రత్త. ఆ కాలపు వాటిలో ఆస్‌బెస్టాస్ (పొడి పీలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే నార) ఉండొచ్చు. తడిపి గీకండి. గాలి కొట్టొద్దు, గ్రైండర్‌కి తిరిగే రాపిడి బిళ్లలు అసలే వద్దు. బిళ్లల నుంచి రాలే రాపిడి పొడి బేరింగుల్లోకి చేరితే ఇంజన్ పోతుంది.

ఇక చాంబర్. నా ఓపికంతా తినేసింది ఇదే.

ఈ చాంబర్ ప్యాకింగ్ నాలుగు ముక్కలు. పక్కలకి రెండు పొడుగు కార్కు పట్టీలు, ముందూ వెనకా మెయిన్ క్యాపుల (క్రాంక్ షాఫ్ట్‌ని పట్టి ఉంచే బిగింపుల) మీద అర్ధచంద్రాకారపు రబ్బరు ముక్కలు. మొదటిసారి, విడిభాగాల కొట్టులో చెప్పిన మాట నమ్మి, కార్కుకి రెండు వైపులా సిలికాన్ దట్టంగా పట్టించాను. ఎంత పూస్తే అంత గట్టి అన్నాడు. తప్పు. ఆరని సిలికాన్ సబ్బులా జారుతుంది. బోల్టులు బిగిస్తుంటే వాటి మధ్య కార్కు లోపలికి జరిగిపోయింది. దింపి చూస్తే లోపలి అంచు పొడుగునా సిలికాన్ తోకలు వేలాడుతున్నాయి. అవి తెగి, నూనె పీల్చే చోట ఉండే స్ట్రెయినర్ జాలీకి అడ్డం పడితే ఆయిల్ పంపుకి నూనె అందదు, బేరింగులు అరిగిపోతాయి. ఇంతకు ముందు ఈ ఇంజన్ మీద చెయ్యి వేసిన మనిషీ ఇదే పని చేశాడు, జాలీలో పాత ఎర్ర సిలికాన్ ముక్కలు దొరికాయి. డబ్బు తీసుకుని అలా చేసి పంపడం క్షమించరాని పని.

రెండోసారి అన్నీ శుభ్రం చేసి పూర్తిగా పొడిగా వేశాను. ఈసారి వెనక నుంచి చుక్క. క్రాంక్ వెనక ఆయిల్ సీల్ పోయిందనీ, గేర్‌బాక్స్ దింపాల్సిందేననీ అందరూ అన్నారు. దింపే ముందు ఒక పరీక్ష చేయండి. వెనక భాగమంతా బ్రేక్ క్లీనర్‌తో కడిగి, ఆరాక టాల్కం పౌడర్ చల్లి, ఇంజన్ పదిహేను నిమిషాలు నడిపి, లైటు వేసి చూడండి. నూనె జాడ ఎక్కడ మొదలైందో తెల్ల పొడి మీద స్పష్టంగా కనిపిస్తుంది. ఇక్కడ అది ఎడమ వెనక మూలలో, కార్కూ రబ్బరూ కలిసే చోట మొదలైంది. ఆయిల్ సీల్ బాగానే ఉంది.

ఆ మూల ఒక్కటే కారణం కాదు. చాంబర్ అంచు మీద ఉక్కు స్కేలు నిలబెట్టి వెనక నుంచి లైటు వేస్తే, ప్రతి బోల్టు రంధ్రం దగ్గరా రేకు పైకి ఉబ్బి ఉంది. ఏళ్ల తరబడి అతిగా బిగించిన ఫలితం ఇది. అలా ఉంటే రంధ్రం దగ్గరే కార్కు నలుగుతుంది, రెండు బోల్టుల మధ్య అసలు ఒత్తిడే ఉండదు. ఏ సీలెంటూ దీన్ని సరిచేయలేదు. అంచు కింద దిమ్మె ఆనించి, గుండ్రటి తల సుత్తితో ఒక్కో రంధ్రాన్నీ చదును చేశాను. స్కేలు కింద వెలుగు పోయేదాకా కొట్టాలి. బ్రీదర్ (ఇంజన్ లోపలి గాలి బయటికి పోయే దారి) జాలీ కూడా మడ్డితో మూసుకుపోయి ఉంది. లోపలి గాలికి దారి లేకపోతే అది నూనెని ప్యాకింగుల మీదుగా బయటికి నెడుతుంది. కిరోసిన్‌లో నానబెట్టి కడిగాను.

మూడోసారి చేసిన పద్ధతి ఇది. కార్కు ఎండి పొట్టిదైపోయి రంధ్రాలు కలవలేదు, గోరువెచ్చటి నీళ్లలో అరగంట నానబెడితే సాగింది. పై తడి ఆరాక చాంబర్ వైపు మాత్రమే కాంటాక్ట్ గమ్‌తో అంటించాను. అక్కడక్కడ బోల్టు రంధ్రాల గుండా నూలు దారంతో కట్టాను కూడా. బోల్టులు పట్టాక దారం కోసి లాగేయొచ్చు. బ్లాకు వైపు ఏమీ రాయలేదు. బ్లాకు అంచు తుడిచిన అరగంటకే పై నుంచి నూనె మళ్లీ జారుతుంది, అందుకే రాత్రంతా కారనిచ్చి, బిగించే ముందు మళ్లీ తుడవాలి. నూనె పొర మీద సిలికాన్ పట్టదు.

సిలికాన్ వాడింది నాలుగు మూలల్లోనే, ఒక్కో చోట శనగగింజంత. అది పది నిమిషాల్లో పైపొర కడుతుంది కాబట్టి ఆలోపే చాంబర్ ఎక్కించి బోల్టులన్నీ చేత్తో పట్టించాలి. తర్వాత మధ్య నుంచి చివరలకు, రెండు మూడు విడతలుగా బిగించాను. ఈ పావు అంగుళం బోల్టులకు 7 న్యూటన్ మీటర్ల దగ్గర ఆపాను. మీ మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే పాటించండి. కార్కు కొంచెం ఉబ్బినట్టు కనిపిస్తే చాలు, పక్కకి పొంగితే ఎక్కువైనట్టే. 24 గంటలు ఆగి నూనె పోశాను.

ట్యాపెట్ కవర్‌కీ అదే వరస. రంధ్రాలు చదును చేసి, ప్యాకింగ్‌ని కవర్ వైపు గమ్‌తో అంటించి, హెడ్ వైపు పలచగా గ్రీజు రాశాను. ట్యాపెట్లు సెట్ చేయడానికి మళ్లీ విప్పినప్పుడు కార్కు చిరగకుండా కవర్‌తోనే వస్తుంది, అదే ప్యాకింగ్ మళ్లీ వేసుకోవచ్చు.