ఆదివారం, వెనక బ్రేకు

అక్క కొడుకు బీఎంఎక్స్‌కి (రేసులకీ విన్యాసాలకీ వాడే చిన్న చక్రాల సైకిలు) వెనక బ్రేకు ఇవాళ్టికి సరిగ్గా పట్టింది. టిఫిన్లు అయ్యాక వరండాలో సైకిలు తలకిందులుగా పెట్టి మొదలుపెడితే దీపాలు పెట్టే వేళయింది. మధ్యలో అక్క భోజనానికి పిలుస్తూనే ఉంది. వాడు మాత్రం పానా అందిస్తూ పక్కనే కూర్చున్నాడు. ఎనిమిదో తరగతి పిల్లాడు ఆదివారమంతా ఫోను ముట్టకుండా ఒక వైరు వంక చూస్తూ కూర్చోవడం నాకెంత సంతోషం కలిగించిందో ఇక్కడ రాసుకోవాలి.

నా కంగారు వేరే. విశాఖపట్నం పెద వాల్తేరులో ఇల్లు. వీడూ వీడి స్నేహితులూ సాయంత్రమైతే పాండురంగాపురం వాలు దిగి బీచ్ రోడ్డుకి పోతారు. ఆ వాలు మీద కార్లు, ఆటోలు, కింద మలుపు. సైకిలుకి ముందు బ్రేకే లేదు. వెనక ఉన్న ఒక్కటీ లివరు హ్యాండిలుకి ఆనేదాకా నొక్కితే తప్ప పట్టడం లేదు, వదిలాక వెనక్కి రావడం లేదు. బజార్లో చూపిస్తే వైరు లాగి బిగించి ఇచ్చారట. నాలుగు రోజుల్లో మళ్లీ మామూలే. "కొత్త రబ్బర్లు వేయించు మావయ్యా" అని వాడి గోల.

బ్రేకు పట్టలేదంటే అందరి చెయ్యీ ముందు రబ్బర్ల మీదికే పోతుంది. నా నమ్మకం పూర్తిగా వేరు. రబ్బరు ఆఖరిది. చక్రం, వైరు, బ్రేకు చేతులు (రబ్బర్లని పట్టుకుని ఉండే రెండు కమ్మీలు), ఆ తర్వాతే రబ్బరు. ఈ వరస తప్పితే ఎంత బిగించినా ఆ బిగింపు నిలవదు. ఎందుకో వాడికి చూపించాలనే ఇవాళ పని నెమ్మదిగా చేశాను.

ముందు జబ్బెక్కడుందో తేల్చాలి. దానికి నాకు తెలిసిన మంచి దారి ఒకటే: వైరుని బ్రేకు నుంచి విప్పేసి, అటూ ఇటూ విడివిడిగా చూడటం. విప్పాక లివరు నొక్కి వదిలాం. వైరు చివర వేలితో పట్టుకుని లాగితే గరగరమంటూ ఆగి ఆగి కదిలింది. అంటే వైరులో రాపిడి ఉంది. తర్వాత బ్రేకు చేతులు రెండూ వేళ్లతో రిమ్ము వైపు నొక్కి వదిలాం. కుడిది టక్కున వెనక్కి పోయింది. ఎడమది సగంలో నిలబడిపోయింది. అంటే ఆ చెయ్యి తిరిగే చోటా రాపిడి ఉంది. ఐదు నిమిషాల పని, ఒక్క రూపాయి ఖర్చు లేదు. రెండు జబ్బులూ బయటపడ్డాయి, రెండిట్లోనూ రబ్బరు ప్రమేయం లేదు. వాడి ముఖంలో ఆశ్చర్యం చూసి నాకు ఉత్సాహం వచ్చింది.

సైకిలు సంగతి కొంచెం రాయాలి. చేతులు మారి వచ్చింది. ఇరవై అంగుళాల చక్రాలు, స్టీలు ఫ్రేము, అల్యూమినియం రిమ్ములు. వెనకది యూ-బ్రేకు. మనవైపు పిల్లల సైకిళ్లకి ఎక్కువగా కనిపించే బ్రేకు మొత్తం ఒకే బోల్టు మీద వేలాడుతుంది. దీనికి అలా కాదు, ఫ్రేముకి వెల్డు చేసిన రెండు పొట్టి దిమ్మలుంటాయి. ఒక్కో చెయ్యి ఒక్కో దిమ్మ మీద తిరుగుతుంది, రెండు చేతుల్నీ కలుపుతూ పైన ఒక పొట్టి వైరు, దాని నడుమ కొక్కెం, ఆ కొక్కేన్ని లాగేది లివరు నుంచి వచ్చే అసలు వైరు. గట్టి బ్రేకు. గెంతులూ పడటాలూ తట్టుకుంటుంది, ఫ్రేముని అంటిపెట్టుకుని ఉంటుంది కాబట్టి కాలికి తగలదు. లివరు కూడా దీనికి తగ్గదే ఉంది, అది అదృష్టం. వీ-బ్రేకు (పొడుగు చేతులుండే ఇంకో రకం బ్రేకు) లివరు వైరుని ఎక్కువ దూరం లాగుతుంది, బలం తక్కువ. అది తెచ్చి యూ-బ్రేకుకి తగిలిస్తే చేతికి గట్టిగానే తగులుతుంది, చక్రం మాత్రం ఆగదు.

చక్రంతో మొదలుపెట్టాం. బీఎంఎక్స్‌కి వెనక ఇరుసు కూర్చునే గాడి వెనక్కి తెరుచుకుని ఉంటుంది. చెయిను వదులైతే చక్రాన్ని వెనక్కి జరిపి బిగిస్తాం. జరిపిన ప్రతిసారీ రిమ్ము బ్రేకు నుంచి కొంచెం దూరమవుతుంది, రబ్బరు టైరు వైపుకి ఎక్కినట్టవుతుంది. కాబట్టి చెయిను బిగువు తేలకుండా బ్రేకు ముట్టుకోవడం వృథా. చెయిను నడుమ వేలితో నొక్కితే అర అంగుళం దాకా ఆడేట్టు చూసి, చక్రం సరిగ్గా నడిమధ్య ఉందో లేదో చూసి, నట్లు బిగించాం. దీని వెనక ఇరుసు 14 మిల్లీమీటర్లది, నట్టుకి 17 పానా కావాలి. మామూలు సైకిలు పానాతో కుస్తీ పడితే నట్టు అంచులు అరిగిపోతాయి.

చక్రం తిప్పితే ఒకచోట రిమ్ము ఎడమకి వంగి ఉంది. వంపు ఉంటే రబ్బర్లని దగ్గరగా పెట్టలేం, దూరం పెడితే లివరు హ్యాండిలు దాకా పోతుంది. అక్కడి కుడివైపు స్పోకుల నిపుళ్లు (స్పోకు చివర రిమ్ము దగ్గరుండే చిన్న నట్లు) పావు చుట్టు బిగించి, ఎడమవైపువి పావు చుట్టు వదిలి, మళ్లీ తిప్పి చూసుకుంటూ సరిచేశాం. సముద్రం గాలికి నిపుళ్లు తుప్పు పట్టి బిగుసుకున్నాయి. ముందుగా ఒక్కో చుక్క నూనె వేసి కాసేపు ఆగితేనే కదిలాయి. ఆ నూనె రిమ్ము మీదికి పాకకుండా గుడ్డతో తుడవడం వాడి పని. శ్రద్ధగా చేశాడు.

ఇక వైరు. లోపలి వైరు బయటికి లాగితే లివరు దగ్గర గొట్టంలోకి దూరే చోట ఎర్రగా తుప్పు, రెండు పోగులు తెగి ఉన్నాయి. ఇది ఈ ఊరి జబ్బు. బీచ్‌కి రెండు కిలోమీటర్ల లోపు ఉన్న ఇళ్లలో తలుపు బందులే నిలవవు, సన్న స్టీలు పోగులు ఎన్నాళ్లుంటాయి?

నన్ను నిజంగా భయపెట్టింది తుప్పు కాదు, బయటి గొట్టం. కోసిన చివర చూస్తే లోపల సన్నటి తీగలు నిలువుగా పక్కపక్కనే ఉన్నాయి. అది గేర్ల గొట్టం! బ్రేకు గొట్టంలో ఉక్కు తీగ స్ప్రింగులా చుట్టలు చుట్టుకుని ఉంటుంది. గేరు గొట్టంలో తీగలు నిలువుగా ఉండి, పైన ప్లాస్టిక్కు మాత్రమే వాటిని పట్టి ఉంచుతుంది. గేరు మార్చడానికి అంత లాగుడు ఉండదు కాబట్టి అక్కడికి అది సరిపోతుంది. బ్రేకు గట్టిగా నొక్కినప్పుడు మాత్రం ఆ ప్లాస్టిక్కు చీలి తీగలు విచ్చుకుపోవచ్చు. అలా అయ్యేది ఎప్పుడు? గట్టిగా నొక్కాల్సి వచ్చినప్పుడే, అంటే ఆ వాలు మీద, ఏదో ఎదురొచ్చినప్పుడు. ఎవరు ఎప్పుడు వేశారో గానీ, చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. ఇది చదివేవాళ్లకి ఒక్కటే మనవి: గొట్టం కొనేటప్పుడు కోసిన చివర చూడండి. చుట్టలుంటేనే బ్రేకుకి.

కొట్టుకెళ్లి సరైన గొట్టం, ఒకటిన్నర మిల్లీమీటరు మందం ఉన్న లోపలి వైరు, చివర్లకి లోహపు టోపీలు తెచ్చాను. వైరు తల కూడా చూసుకోవాలి. దీని లివరుకి పీపా ఆకారం తల కావాలి, కొన్ని రేసు సైకిళ్లకి వచ్చే బేరిపండు ఆకారంది కూర్చోదు. హ్యాండిలు అటూ ఇటూ పూర్తిగా తిప్పి చూసి గొట్టం కొలిచాం. పొట్టిదైతే తిప్పినప్పుడు వైరు లాగి బ్రేకు దానంతటదే పడుతుంది, మరీ పొడవైతే వంపులు ఎక్కువై రాపిడి పెరుగుతుంది. కోసిన చివర ఆకురాయితో చదును చేసి, నలిగిన రంధ్రాన్ని మేకుతో గుండ్రం చేసి టోపీ తొడిగాం. చివర వంకరగా ఉంటే నొక్కిన ప్రతిసారీ గొట్టం సర్దుకుంటూ కొంత నొక్కుడు తినేస్తుంది. లివరు మెత్తగా ఉంది అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం అక్కడే ఉంటుంది.

బ్రేకు చేతులు విప్పితే ఎడమ దిమ్మ మీద తుప్పూ ఇసకా కలిసి గట్టిపడి ఉన్నాయి. సన్న ఎమరీ కాగితంతో మెరిసేదాకా రుద్ది, పలచగా గ్రీజు రాసి ఎక్కించాం. స్ప్రింగు బిగువు పెట్టడం ఇందులో నేర్పుగా చేయాల్సిన పని. పల్చటి పానాతో లోపలి నట్టుని తిప్పి స్ప్రింగుకి బిగువిచ్చి, దాన్ని అలాగే కదలకుండా పట్టుకుని ఇంకో చేత్తో అలెన్ కీతో పై బోల్టు బిగించాలి. రెండు వైపులా ఒకే బిగువు ఉండాలి. ఒక రబ్బరు రిమ్ముకి రాసుకుంటోందంటే ఆ వైపు స్ప్రింగు బలహీనంగా ఉన్నట్టు. దానికి బిగువు పెంచాలి, లేదా రెండోదానికి తగ్గించాలి. నేను తగ్గించడమే ముందు చూస్తాను. స్ప్రింగులు అనవసరంగా గట్టిగా ఉంటే పిల్లల వేళ్లు అలసిపోతాయి.

రబ్బర్లు బాగానే ఉన్నాయి! పైన గాజులా నున్నగా మారాయి, అంతే. గరుకు కాగితం మీద రుద్ది, లోపల దిగబడ్డ అల్యూమినియం రవ్వలు పిన్నుతో తీసేశాం. రిమ్ముని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే గుడ్డకి నల్లటి జిడ్డంతా వచ్చింది. యూ-బ్రేకులో ఒక గుణం గుర్తుంచుకోవాలి. రబ్బరు అరిగేకొద్దీ తగిలే చోటు టైరు వైపుకి ఎక్కుతుంది. గమనించకపోతే ఒకరోజు టైరు పక్కగోడని కోసేస్తుంది. అందుకే రిమ్ము మీద వీలైనంత కిందికి పెట్టి బిగించాం. రిమ్ము రబ్బరులోకి దూరే వెనక కొస దగ్గర విజిటింగు కార్డు ముక్క పెట్టి బిగించి, తర్వాత తీసేశాం. ముందు కొస ఒక వెంట్రుక ముందుగా ఆనాలి. అలా ఉంటే వీధంతా వినపడే ఆ కీచు చాలావరకు ఉండదు.

చివరికి వైరు కట్టడం. లివరు దగ్గరి సర్దుబాటు మరని పూర్తిగా లోపలికి తిప్పి ఒక చుట్టు మాత్రం బయటికి వదిలాం, రేపు సరిచేసుకోవడానికి చోటుండాలి కదా. వాడు రెండు రబ్బర్లూ రిమ్ముకి నొక్కి పట్టుకున్నాడు, నేను పట్టకారుతో వైరు లాగి నట్టు బిగించాను. తర్వాత లివరుని బలంగా నొక్కమన్నాను. కొత్త వైరు కూర్చునేదాకా కొంత వదులవుతుంది, అది రోడ్డు మీద కాక ఇక్కడే కావాలి. వదులైంది. మళ్లీ లాగి బిగించాం. ఇప్పుడు లివరు సగం దూరం పోకముందే పట్టేస్తోంది, వదిలితే టక్కున వెనక్కి పోతోంది.

పనిలో ఉండగా వాడు అడిగాడు, "బ్రేకుల్లేకుండా తొక్కేవాళ్లున్నారు కదా మావయ్యా, వీడియోల్లో చూశాను" అని. ఉన్నారు. స్కేట్‌పార్కుల్లో, వీధి విన్యాసాల్లో చాలామంది అలాగే తొక్కుతారు, బూటు అడుగు టైరుకి ఆనించి ఆపుతారు. కానీ రేసుల్లో వెనక బ్రేకు లేనిదే గేటు దగ్గరికి రానివ్వరని చెప్పాను. 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌లోకి ఈ ఆట వచ్చింది ఆ రేసుగానే. విన్యాసాల పోటీ టోక్యోలో వచ్చింది. 1970ల మొదట్లో కాలిఫోర్నియాలో మోటార్ సైకిలు రేసులు చూసి పిల్లలు చిన్న సైకిళ్లతో మట్టిదారుల్లో మొదలుపెట్టిన ఆట ఇంతదూరం వచ్చిందంటే వాడు నమ్మలేదు. బ్రేకు లేకుండా పాండురంగాపురం దిగితే మాత్రం సైకిలు మా ఇంట్లోకి వచ్చేస్తుందని గట్టిగానే చెప్పాను. అలిగాడు కానీ ఒప్పుకున్నాడు.

చీకటి పడేలోపు మా వీధిలోనే పరీక్ష పెట్టాను. వెనక ఒక్క బ్రేకే ఉన్నప్పుడు గట్టిగా పడితే బరువు ముందుకి పోయి వెనక చక్రం తేలికై జారుతుంది. అందుకని నడుం వెనక్కీ కిందికీ దించి బ్రేకు పట్టమన్నాను. మొదట చక్రం జారింది, కాసేపటికి ఒడుపు దొరికింది, గీసిన గీత దగ్గర ఆపగలిగాడు. బకెట్టుతో రిమ్ము తడిపి మళ్లీ తొక్కించాను. తడి రిమ్ము మీద ముందు నీళ్లు తుడుచుకుపోయి ఆ తర్వాతే బ్రేకు పడుతుంది, ఆ ఆలస్యం ఎంతో చేతికి తెలియాలి. అక్టోబరు వానల్లో నేను పక్కన ఉండను.

ఇప్పుడు వాడికి గైరో కావాలట. హ్యాండిలు గిరగిరా తిప్పినా వైర్లు చుట్టుకోకుండా ఉండేందుకు మెడ దగ్గర పెట్టే బేరింగు అది. దానికి పైన ఒక జత, కింద ఒక జత వైర్లు కావాలి. ఫ్రేము మెడ మీద దానికి రెండు మర రంధ్రాలుండాలి, దీనికి ఉన్నాయి. కానీ వైరు ముక్కలు పెరిగితే రాపిడి చోట్లూ పెరుగుతాయి. ముందు ఈ వారం ఈ వైరు సాగేదంతా సాగనీ, గురువారం సాయంత్రం తీసుకురా, మళ్లీ బిగించి అప్పుడు మాట్లాడుకుందాం అన్నాను. పానాల సంచి మాత్రం వాడే పట్టుకెళ్లాడు.