మల్లి దురద పుస్తకం: శివరాత్రి నుంచి కార్తీకం దాకా

మా లాబ్రడార్ మల్లికి ఏడాదిన్నర వయసులో మొదలైన దురద రెండో వేసవికి ముందే ఎంత ముదిరిందంటే, లేత గోధుమరంగు కుక్క కావడం వల్ల, నాకి నాకి వేళ్ళ సందుల్లో వెంట్రుకలు తుప్పు రంగుకు తిరగడం దూరం నుంచే కనిపించేది. ఫిబ్రవరిలో ఒక నోటు పుస్తకం తీసి, రోజూ రాత్రి దీపాలు ఆర్పాక, గోక్కున్నప్పుడల్లా దాని మెడపట్టీ గంట ఎంతసేపు మోగుతుందో గమనించి, సున్నా నుంచి పది వరకు ఒక అంకె వేయడం ప్రారంభించాను. పక్కనే ఒక కుక్క బొమ్మ గీసి, ఆ రోజు ఎక్కడ గోకిందో గుర్తు పెట్టేదాన్ని. అప్పట్లో అంకె ఎనిమిదికి తగ్గేది కాదు. మందు, తిండి, సబ్బు అన్నీ ఒకే వారంలో మార్చేస్తే దేనివల్ల తగ్గిందో ఎవరూ చెప్పలేరు కనుక, ఒకసారికి ఒక్క మార్పే అన్న నియమం డాక్టరు గారితో మాట్లాడి ముందే పెట్టుకున్నాను.

మొదటి వంతు పురుగులది. పిడుదులు కంటికి కనిపిస్తాయి, ఫ్లీలు అనే రక్తం తాగే చిన్న పురుగులు అంత సులభంగా దొరకవు. సన్నపళ్ళ దువ్వెనతో తోక మొదట్లో దువ్వి, రాలిన నల్లటి నలుసులను తడిపిన తెల్ల కాగితం మీద వేస్తే చుట్టూ ఎర్రటి మరక పాకింది. అది మట్టి కాదు, ఫ్లీ విసర్జించిన రక్తం. ఫ్లీ లాలాజలం పడని కుక్కకు కొద్దిపాటి కాట్లు చాలు, రోజుల తరబడి గోక్కుంటుంది. పైగా కుక్క ఒంటి మీద ఉండే పెద్ద పురుగులు మొత్తం సంతతిలో సుమారు 5 శాతమే, మిగిలినవి గుడ్లుగా, లార్వాలుగా, గూడు కట్టుకున్న ప్యూపాలుగా ఇంట్లోనే ఉంటాయి. అందువల్ల ఫ్లీలను చంపే ఫ్లురాలనెర్ మాత్రతో పాటు దాని పరుపు గలీబులను వేడినీళ్ళలో ఉతకడం, సోఫా కింద వ్యాక్యూమ్ పట్టి ఆ సంచిని వెంటనే బయట పారేయడం మూడు నెలలు మానలేదు. వరండాలో తిరిగే పిల్లికి కూడా డాక్టరు గారు వేరే చుక్కల మందు ఇచ్చారు. కుక్కలకు వాడే పెర్మెత్రిన్ మందు పిల్లుల పాలిట విషం, ఇంట్లో రెండూ ఉన్నవారు సీసా మీది పేరు తప్పక చదవాలి.

పురుగులు పోయినా చంకల్లో, చెవుల్లో పులిసిన పిండి వాసన పోలేదు. డాక్టరు గారు చర్మానికి టేపు అంటించి తీసి, స్లైడు మీద రంగు వేసి చూసి, మలసీజియా అనే ఈస్టు పెరిగిందన్నారు. క్లోర్‌హెక్సిడిన్, మైకొనజోల్ కలిసిన షాంపూతో వారానికి రెండుసార్లు స్నానం చేయించాం. నురుగు ఒంటి మీద పది నిమిషాలు నిలవకపోతే ఆ షాంపూ ఖర్చు దండగే; నేను పాదాలతో మొదలుపెట్టి పైకి వెళ్ళి, గడియారం చూసుకుంటూ వీపు రుద్దుతూ నిలబెట్టేదాన్ని. కడిగాక వేళ్ళ సందులు పొడిగుడ్డతో తుడవడం ముఖ్యం, కాకినాడ గాలిలో తడి తొందరగా ఆరదు. మే నెలాఖరుకు అంకె ఐదు దగ్గర ఆగింది, గుర్తులన్నీ పాదాలకూ చెవులకూ పరిమితమయ్యాయి.

జూన్ నుంచి ఆహార పరీక్ష. మన ఇళ్ళలో కుక్క తిండి అంటే కోడిమాంసం, అన్నం, రాత్రికి పెరుగన్నం; కుక్కలకు పడని ఆహారాల్లో తరచుగా కనిపించేవి గొడ్డుమాంసం, పాలపదార్థాలు, కోడిమాంసం, గోధుమ. అంటే మల్లి పళ్ళెంలో అనుమానితులు పుట్టినప్పటి నుంచీ ఉన్నారు. అది అంతకుముందు ఎన్నడూ తినని మాంసం కోసం వెతికి, ముల్లు తీసి అమ్మే పంగాసియస్ చేపను (బజారులో ఫంగస్ అంటారు), చిలగడదుంపను ఎంచుకున్నాం. ఉప్పు, పసుపు, నూనె ఏదీ లేకుండా ఆవిరి మీద ఉడికించి, వారానికి సరిపడా డబ్బాల్లో గడ్డకట్టించాను. ఈ రెండే ఏళ్ళ తరబడి పెడితే పోషకాలు చాలవు, ఎనిమిది వారాల పరీక్షకు మాత్రం డాక్టరు గారు ఒప్పుకున్నారు. చాలా కుక్కల్లో ఆ ఎనిమిది వారాల్లోపు ఫలితం తేలిపోతుంది.

వండటం తేలిక, కాపలా కష్టం. మాంసం రుచి కలిపిన మాత్రలు, జెలటిన్ గొట్టాల్లోని చేపనూనె, బిస్కెట్లు అన్నీ ఆపాలి. ఫ్లురాలనెర్ సుమారు 12 వారాలు పనిచేస్తుంది కనుక రెండో మాత్ర మే నెలాఖరులోనే ఇచ్చేశాం, పరీక్ష మధ్యలో మళ్ళీ అవసరం రాలేదు. ఇక మా అత్తగారు: "నోరులేని జీవి, ఒక్క ముద్ద పెరుగన్నానికి ఏమవుతుందే అమ్మాయ్?" ఆమెతో వాదించలేక, చేపముక్కలను చిన్నగా కోసి ఎండబెట్టి ఆమె చేతికే ఒక సీసా ఇచ్చాను. పెట్టే చేయి ఆగకూడదు, పెట్టేది మాత్రమే మారాలి అన్న ఈ ఉపాయం, గోడకు అంటించిన హెచ్చరిక కాగితం కంటే బాగా పనిచేసింది.

జూలై చివరికి అంకె మూడుకు దిగింది. తగ్గినంత మాత్రాన తిండే కారణమని నిర్ధారించకూడదు, పాత ఆహారం తిరిగి పెట్టి దురద తిరిగి వస్తుందో లేదో చూడాలి. ముందు పెరుగు పెట్టాం. రెండు వారాలు గడిచినా ఏమీ కాలేదు, అత్తగారి ముఖం వెలిగింది. తరువాత ఉడికించిన కోడిమాంసం పెట్టగా మూడో రాత్రికే పట్టీ గంట మోగింది, చెవి లోపలి భాగం ఎర్రబడింది. ఆపిన కొద్ది రోజులకు మళ్ళీ సద్దుమణిగింది. ఇప్పుడు బిస్కెట్ పొట్లాల వెనుక చిన్న అక్షరాల్లో కోడి కొవ్వు ఉందేమో వెతకడం మా ఇంట అలవాటైపోయింది.

మిగిలిన ఆ మూడు అంకె దురద మాత్రం వాతావరణం వల్ల వచ్చేది. భాద్రపదం వానల్లో పాదాలు మళ్ళీ ఎర్రబడ్డాయి. సాధారణంగా మూడేళ్ళ లోపే మొదలై పాదాలు, చెవులు, చంకలు, పొట్టను పట్టే అటోపీ, అంటే పరిసరాల్లోని వాటి వల్ల వచ్చే చర్మపు అలర్జీ, లక్షణమిదేనని డాక్టరు గారు అన్నారు. ఇది పూర్తిగా నయమయ్యేది కాదు, అదుపులో పెట్టుకోవలసినది. ఇంతకుముందు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ వాడినప్పుడు దురద ఆగింది గానీ, నీళ్ళు విపరీతంగా తాగి ఇల్లంతా తడిపేది. అందుకని ఈసారి ఒక్లాసిటినిబ్ అనే దురద మాత్ర ఇచ్చారు. కిలో బరువుకు 0.4 నుంచి 0.6 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు, అదీ 14 రోజులు దాటకుండా, ఆ తరువాత రోజుకు ఒక్కసారి. ఏడాది నిండని కుక్కలకు ఇవ్వరు. మనుషుల సెట్రిజిన్ మాత్ర చాలా కుక్కల్లో పెద్దగా పనిచేయదు, కాబట్టి దాని మీద నేను ఆశ పెట్టుకోలేదు. టీ ట్రీ నూనె పూయమని సలహా ఇచ్చినవారికి మాత్రం అది కుక్కలకు విషమని చెప్పి పంపాను.

కార్తీకంలో అంకె రెండు, మూడు మధ్య తిరుగుతోంది. నడక నుంచి రాగానే పాదాలు కడిగి తుడవడం, వారానికొక స్నానం, చెవుల తనిఖీ కొనసాగుతున్నాయి. తరువాతి వంతు గోధుమది: ఉప్పు లేని చపాతీ, రెండు వారాలు. అది తేలాక, మాత్ర మోతాదు తగ్గించవచ్చో, అలర్జీ సూదిమందుల కోసం చర్మ పరీక్ష చేయించాలో డాక్టరు గారితో మాట్లాడాలి.