పద్యం కోసం కట్టిన హారన్

గుంటూరులో హారన్ స్పీకర్ అనగానే అందరికీ గుర్తొచ్చేది మైకు సెట్టు. చెట్టు కొమ్మకి కట్టిన గొట్టం, దాంట్లోంచి గరగరలాడుతూ వచ్చే పాట. అందుకే ఇంట్లో హారన్ కడతానని చెప్పగానే మావారు అడిగిన మొదటి ప్రశ్న "కింద వాటావాళ్లు ఊరుకుంటారా?" అని. ఇప్పటిదాకా వాళ్ల దగ్గర్నుంచి ఒక్క మాట రాలేదు. ఎందుకంటే మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడేంత శబ్దానికి మించి నేను దాన్ని ఎప్పుడూ పెట్టను. హారన్ చేసే అసలు మేలు ఆ చిన్న శబ్దంలోనే ఉందని చెప్పాలనే ఈ పోస్టు.

మైకు సెట్టు గొట్టం దూరానికి మాట చేర్చడానికి పుట్టింది. పొడవాటి హారన్ మోసుకు తిరగలేరు కాబట్టి దాన్ని లోపల రెండుసార్లు మడిచి పొట్టి చేస్తారు. నోరు చిన్నది, కింది స్థాయి స్వరాలు రావు. పైగా యాంప్లిఫయర్‌ని దాని శక్తికి మించి తిప్పుతారు. మన చెవులు బాధపడేది ఈ మూడింటి వల్ల. వాటిని హారన్ ఖాతాలో వేయడం అన్యాయం.

నేను ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్తాను, కాబట్టి కాస్త పాఠం తప్పదు. మామూలు స్పీకర్‌లో కోన్ ఊగుతుంటే దాని ముందున్న గాలి చాలావరకు పక్కలకి జారిపోతుంది. మనం పంపిన కరెంటులో నూటికి ఒక వంతు శబ్దంగా మారితే గొప్ప, మిగతాది కాయిల్‌లో వేడిగా పోతుంది. హారన్ గాలిని జారిపోనివ్వదు. సన్నటి గొంతులో పట్టి ఉంచి, క్రమంగా వెడల్పు చేసుకుంటూ గదిలోకి వదులుతుంది. కాబట్టి అదే శబ్దానికి డయాఫ్రం, అంటే లోపల ఊగే పల్చటి పొర, కదలాల్సింది చాలా చాలా తక్కువ. కదలిక తగ్గిన కొద్దీ డిస్టార్షన్, అంటే శబ్దం వికృతమవడం, తగ్గుతుంది. చిన్న గమకం, చిన్న విరుపు, ఊపిరి తీసుకోవడం, ఇవన్నీ చెక్కుచెదరకుండా బయటికి వస్తాయి.

1926లో వెస్టర్న్ ఎలక్ట్రిక్ వాళ్లు మాట్లాడే సినిమాల కోసం 555 అనే డ్రైవర్ (హారన్ గొంతుకి బిగించే, శబ్దం పుట్టించే భాగం) తెచ్చేనాటికి యాంప్లిఫయర్లు ఇచ్చేవి కొద్ది వాట్లే. ఆ కొద్ది వాట్లతో పెద్ద హాలు నింపాలంటే హారన్ తప్ప వేరే దారి లేదు. తర్వాత వాట్లు చవకయ్యాయి, హారన్ హాళ్లకీ ఊరేగింపులకీ పరిమితమైపోయింది. ఇళ్లలో అది లేకపోవడం మనకి నష్టమేనని నా గట్టి నమ్మకం.

నాకు కావాల్సింది పద్యం. మా అత్తయ్యది తెనాలి. చిన్నప్పుడు రాత్రంతా చాప మీద కూర్చుని నాటకాలు చూసిన మనిషి. నాటకాల్లో పేరు మోసిన స్థానం నరసింహారావు గారిది బాపట్ల, ఈలపాట రఘురామయ్య గారిది సుద్దపల్లి. పాత గుంటూరు జిల్లా గాలిలోనే పద్యం ఉంది. ఆ పాత గ్రామఫోను ప్లేట్ల రికార్డింగులు ఫోన్‌లో పెట్టి ఇస్తే అత్తయ్య రెండు నిమిషాలు విని పక్కన పెట్టేసేవారు. "మనిషి దగ్గర్లో లేడమ్మాయ్" అనేవారు. ఆ మాట నన్ను పట్టుకుంది.

78 ఆర్‌పీఎం ప్లేట్లన్నీ మోనో. అందుకని నేను ఒక్క స్పీకరే కట్టాను. రెండు కట్టమని సలహా ఇచ్చినవాళ్లు ఉన్నారు గానీ, ఒక్క గొంతు ఒక్క చోటి నుంచి రావడమే నాకు సరైనదనిపిస్తుంది. అసలు 1925 దాకా రికార్డింగు కూడా హారన్‌తోనే జరిగేది. గాయకుడు బాకా ముందు నిలబడి గొంతెత్తితే ఆ గాలి కదలికే సూదిని కదిపి మైనం మీద గాడి గీసేది. మధ్యలో కరెంటన్నదే లేదు.

ఇక కొలతలు. మాట స్పష్టతకి కావాల్సిందంతా దాదాపు 500 నుంచి 4000 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. హారన్‌ని దాని కటాఫ్‌కి, అంటే అది పనిచేసే కింది హద్దుకి, మరీ దగ్గరగా వాడకూడదు కాబట్టి 300 హెర్ట్జ్ కటాఫ్‌తో ఎక్స్‌పొనెన్షియల్ హారన్ గీసుకుని, 800 నుంచి పైకి దానికి అప్పగించాను. మా ఊళ్లో గది వేడి 30 డిగ్రీలు అనుకుంటే శబ్దవేగం సెకనుకి 349 మీటర్లు. 300 హెర్ట్జ్ తరంగం పొడవు 116 సెంటీమీటర్లు. హారన్ నోటి చుట్టుకొలత అంత ఉండాలి, అంటే వ్యాసం 37 సెంటీమీటర్లు. గొంతు 1 అంగుళం. మధ్యలో వైశాల్యం ప్రతి 6.4 సెంటీమీటర్లకి రెట్టింపవ్వాలి. అలా పెరుగుతూ నోరు చేరేసరికి పొడవు దాదాపు 50 సెంటీమీటర్లు.

కాగితం మీద ఆ వంపు చూస్తే ముచ్చటేస్తుంది. గొంతు దగ్గర వ్యాసం 2.5, పది సెంటీమీటర్లు ముందుకెళ్తే 4.4, ఇరవై దగ్గర 7.5, ముప్పై దగ్గర 12.8, నలభై దగ్గర 22. మొదటి పది సెంటీమీటర్లలో రెండు కూడా పెరగని వ్యాసం చివరి పదిలో పదిహేను పెరుగుతుంది. అచ్చం ఉమ్మెత్త పువ్వు.

బేస్‌ని, అంటే కింది స్వరాల్ని, కూడా హారన్‌తోనే తీద్దామంటే 50 హెర్ట్జ్‌కి నోటి వ్యాసం 2 మీటర్లు దాటుతుంది. 1946లో పాల్ క్లిప్ష్ గది మూలనే వాడుకుని, రెండు గోడలూ నేలా హారన్‌కి పొడిగింపయ్యేలా క్లిప్ష్‌హార్న్ చేశాడు. గొప్ప ఆలోచన. మా హాల్లో ఒక మూల బీరువా, ఇంకో మూల దేవుడి మందిరం. కాబట్టి బేస్‌కి 15 అంగుళాల వూఫర్, పెద్ద పెట్టె. దాని గురించి చెప్పుకోవాల్సిందేమీ లేదు, అది తన పని తాను చేస్తోంది.

హారన్‌ని ఆచారి గారు చేశారు. ఇరవై ఏళ్లుగా మా ఇంటి తలుపులూ బల్లలూ ఆయన చేతివే. 710 ప్లైవుడ్, 18 ఎంఎం మందం, 28 చక్రాలు. ఒక్కో చక్రానికి లోపలి వ్యాసం నేను లెక్కగట్టి కాగితం మీద గీసిస్తే, ఆయన దాన్ని చెక్క మీద అంటించి కోశారు. వరసగా పేర్చి ఫెవికాల్ పెట్టి బిగిస్తే లోపల మెట్లు మెట్లుగా ఉంటుంది. ఆ మెట్లని అరగదీసి ఒకే వంపుగా తేవడంలోనే పనంతా ఉంది.

ఇక్కడ ఆచారి గారి బుర్ర చూడాలి. "ఒకేసారి అతికిస్తే గొంతు దగ్గర చెయ్యి పట్టదమ్మా, రెండు ముక్కలుగా చేద్దాం" అన్నారు. సన్నటి సగం వేరు, వెడల్పు సగం వేరు. వెడల్పు సగానికి ఉప్పు కాగితం నేరుగా చేత్తో పట్టారు. సన్నటి సగానికి వేలంత బద్దకి ఉప్పు కాగితం చుట్టి, హారన్‌ని ఒళ్లో పెట్టుకుని తిప్పుతూ రుద్దారు. ప్లైవుడ్ పొరల మధ్య చిన్న చిన్న సందులు కనపడితే రంపపు పొట్టుని జిగురులో కలిపి నింపారు. కొండపల్లి బొమ్మల అతుకులకి వాడే మక్కు కూడా ఇలాంటిదేనట, అక్కడ జిగురు బదులు చింతగింజల పిండి. పొట్టు అదే చెక్కది అవ్వాలని పట్టుబట్టి, కోసినప్పుడు రాలిందే వాడారు. ఆ తర్వాత కళ్లు మూసుకుని లోపలికి చెయ్యి పెట్టి తడిమారు. "కంటికి కనపడని ఎత్తుపల్లం వేలికి తెలుస్తుంది" అని నన్ను కూడా తడమమన్నారు. గొంతు నుంచి మూడు వేళ్ల దూరంలో ఒకచోట గోరంత మిట్ట. నేను చూపించగానే నవ్వి, మళ్లీ బద్ద అందుకున్నారు. గొంతు దగ్గర మిట్ట ఉంటే పై స్వరాలు అక్కడ తిరగబడి గరుకుగా వినిపిస్తాయి. నోటి దగ్గర అంత పట్టింపు లేదు.

డ్రైవర్ సౌండ్ సిస్టం సామాను అమ్మే కొట్టులో దొరికింది, 1 అంగుళం గొంతున్న 8 ఓంల కంప్రెషన్ డ్రైవర్. దీని సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన కరెంటుకి వచ్చే శబ్దం, ఒక వాటుకి 107 డెసిబెల్స్, వూఫర్‌ది 97. ఆ పది డెసిబెల్స్ తేడా సర్దకపోతే గొంతు తప్ప ఇంకేమీ వినపడదు. 5.6 ఓంల రెసిస్టర్ వరసలో, 3.9 ఓంలది డ్రైవర్‌కి అడ్డంగా పెడితే దాదాపు సరిగ్గా పది తగ్గి, యాంప్లిఫయర్‌కి మాత్రం 8 ఓంలే కనిపిస్తుంది. 800 హెర్ట్జ్ దగ్గర పని పంచడానికి హారన్ దారిలో 25 మైక్రోఫారడ్ కెపాసిటర్, వూఫర్ దారిలో 1.6 మిల్లీహెన్రీ కాయిల్. కాయిల్‌ని మోటార్ వైండింగ్ కొట్టులో చుట్టించాను. కావాలనే నాలుగు చుట్లు ఎక్కువ వేయమని, కాలేజీ ల్యాబ్‌లో ఎల్‌సీఆర్ మీటరు మీద పెట్టి ఒక్కో చుట్టూ విప్పుకుంటూ విలువకి తెచ్చాను. యాంప్లిఫయర్ ఒక్క ఈఎల్84 వాల్వుతో నడిచేది, 5 వాట్లు. మేం వినే శబ్దానికి సగటున వాటులో వందో వంతు చాలు.

మొదట పెట్టింది రఘురామయ్య గారి పద్యమే. ప్లేటు బుస ముందు వినిపించింది. హారన్ దాన్ని కూడా దాచదు, ఈ సంగతి ముందే తెలుసుకోవడం మంచిది. తర్వాత హార్మోనియం. బెల్లోస్ ఒత్తినప్పుడు గాలి నిండే చప్పుడు, దాని వెనక స్వరం. పద్యం మూడో పాదం చివర ఆయన గొంతు తగ్గించి, ఊపిరి తీసుకుని, నాలుగో పాదం ఎత్తుకున్నారు. ఫోన్‌లో ఆ చోట ఏమీ ఉండేది కాదు, వట్టి ఖాళీ. ఇక్కడ ఆ ఖాళీలో ఒక మనిషి ఉన్నాడు. అత్తయ్య వంటింట్లోంచి వచ్చి కుర్చీ హారన్‌కి ఎదురుగా లాక్కుని కూర్చున్నారు. రాగం సాగుతున్నంతసేపూ మాట్లాడలేదు. అయ్యాక, "ఆ ఊపిరి చూశావా, ఎక్కడ తీసుకున్నాడో! మళ్లీ పెట్టు" అన్నారు.

కుర్చీ ఎదురుగా లాక్కోవడం అలవాటు కొద్దీ చేసినా, అది అవసరం కూడా. ఈ తరహా హారన్‌లో స్వరం పైకి వెళ్లే కొద్దీ శబ్దం సన్నటి కిరణంగా మారుతుంది. పక్కకి జరిగితే మాట మసకబారుతుంది. నలుగురు కూర్చుని వినాలంటే ఒకరి వెనక ఒకరు కూర్చోవాల్సిందే.

ఇంకొక్క సంగతి, కట్టేవాళ్లకి పనికొస్తుంది. హారన్‌లో శబ్దం పుట్టేది నోటి దగ్గర కాదు, 50 సెంటీమీటర్లు వెనక. ఆ దూరం దాటడానికి 1.4 మిల్లీసెకన్లు పడుతుంది. 1930ల్లో ఎంజీఎం స్టూడియో ఇంజినీర్లకి ఇదే సమస్య పెద్ద ఎత్తున ఎదురైంది. అప్పటి హాళ్లలో బేస్ హారన్ దారి మరీ పొడవు, టాప్ డాన్స్ చేసేవాళ్ల అడుగు చప్పుడు ఒక్కటి రెండుగా వినపడేది. దాన్ని సరిచేస్తూ వచ్చిందే షియరర్ హారన్. మా ఇంట్లో డ్రైవర్‌నీ వూఫర్ లోపల ఊగే కాయిల్‌నీ ఒకే వరసకి తెచ్చేసరికి హారన్ నోరు పెట్టె కన్నా దాదాపు 40 సెంటీమీటర్లు హాల్లోకి పొడుచుకొచ్చింది. దాని కింద ఆచారి గారు రెండు టేకు కాళ్లు పెట్టారు. అటుగా వెళ్లేవాళ్లు చూసుకుని నడుస్తున్నారు.

28 చక్రాల కొలతల కాగితం నా దగ్గర ఉంది, కావాల్సినవాళ్లు అడగండి. మీకు దొరికిన డ్రైవర్ గొంతు 1 అంగుళం కాకుండా 2 అంగుళాలైనా అదే కాగితం పనికొస్తుంది. మొదటి 7 చక్రాలు వదిలేసి 8వదాని నుంచి మొదలుపెట్టండి, వంపు మారదు.